సోమలింగం గుమ్మం

పొద్దున్న కాఫీలయ్యాక, వంట మొదలుపెట్టేలోపు కాసేపు నవల చదవడం ఆ ఇంట్లో కొత్తగా వచ్చిన అలవాటు. చదివేది హారతి. వినేది ఆమె అత్తగారు. ఆవిడ పేరు చిన్నమ్మాయి. డెబ్భై దాటినా ఊళ్ళో అందరికీ ఆవిడ ఇంకా చిన్నమ్మాయే. కంటి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు టీవీ చూడొద్దని డాక్టరు చెప్పడంతో ఆవిడకి పొద్దు గడవడం కష్టమైపోయింది. హారతికేమో ఎమ్మే చివరి సంవత్సరం. పెళ్ళితో ఆగిపోయిన చదువుని, కూతురు దుర్గాశ్రీ విశాఖపట్నం హాస్టల్‌కి వెళ్ళాక, దూరవిద్యలో మళ్ళీ అందుకుంది. ఒక పాత నవల తీసుకుని దాని మీద పెద్ద వ్యాసం రాసివ్వాలి. ఎలాగూ చదవాల్సిందే కాబట్టి పైకి చదివితే అత్తయ్యకీ కాలక్షేపం అవుతుందనుకుంది.

ఆ నవల పేరు ‘పన్నెండు దూలాల ఇల్లు’. వందేళ్ళ కిందటిది. గోదావరి మీద పడవ నడుపుకునే నూకయ్య కొడుకు సోమలింగం అందులో నాయకుడు. ఎగువ అడవుల నుంచి నది మీద తెప్పలు కట్టి దింపే టేకు దుంగల వ్యాపారంలో పడి పెద్ద ధనవంతుడవుతాడు. డబ్బు చేరినప్పుడల్లా ఇంటి వీధి గుమ్మం పీకించి అంతకంటే ఎత్తైనది పెట్టిస్తాడు.

“ఇదేం పిచ్చమ్మా వీడికి!” అంది చిన్నమ్మాయి, నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ. “ఇంట్లో జనం పెరిగితే గది వేసుకుంటారు గానీ గుమ్మం పెంచుకుంటారా ఎవరైనా?”

“అదే ఇందులో అందం అత్తయ్యా. సోమలింగానికి ఆశ పెరిగిందని ఈ రచయిత ఎక్కడా రాయడు. గుమ్మం పెరిగిందని మాత్రమే రాస్తాడు. మిగతాది మనకే తెలిసిపోతుంది.”

“మహానుభావుడు! చెప్పకుండా ఎలా చెప్పాడో చూడు.” ఆవిడ కాస్త ముందుకి వంగి గొంతు తగ్గించింది. “నిజం చెప్పు, మనింటి గుమ్మం చూసి రాయలేదు కదా ఆయన?”

హారతికి నవ్వొచ్చింది గానీ పక్కగదిలో భర్త ఉన్నాడని పెదవుల మీద వేలు పెట్టింది. ద్రాక్షారామం చుట్టుపక్కల అంత ఎత్తు వీధి గుమ్మం ఉన్న ఇల్లు ఇంకోటి లేదు. దుర్గాసాయి ఇల్లు కట్టించేటప్పుడు తాపీమేస్త్రీతో పోట్లాడి మరీ పెట్టించుకున్నాడు. టేకు ద్వారబంధం మీద ఏనుగులూ లతలూ చెక్కించాడు. ‘గొప్ప’ కోసమని ఊరు అనుకుంది. హారతీ అలాగే అనుకుంది.

దుర్గాసాయి పెద్దల నుంచి ఏమీ అందుకోలేదు. తండ్రి వెంకన్న కౌలు రైతు. దుర్గాసాయి కొబ్బరికాయలు లారీలకెత్తే కూలీగా మొదలై, తరువాత తనే కాయ కొని పంపే వ్యాపారి అయ్యాడు. పొలాలు కొన్నాడు. ఇప్పుడు మురుగు కాలువ పక్కనున్న వరిచేను తవ్వించి, తన బావ వరస అప్పాజీతో కలిసి రొయ్యల చెరువు వెయ్యబోతున్నాడు. ఆ చేనుకి ఆనుకునే చిట్టియ్య ఎకరం పొలం ఉంది. చిట్టియ్యకున్నది అదొక్కటే. చెరువులోకి ఉప్పునీళ్ళు తోడి పెడితే ఆ ఉప్పు గట్టు కిందుగా ఊరుతూ పక్కచేలోకి దిగుతుంది. నాలుగు పంటలయ్యేసరికి అక్కడ వరి మొలవదు.

“హారతీ!” పక్కగదిలోంచి దుర్గాసాయి పిలిచాడు.

ఆమె వెళ్ళేసరికి అతను ఫోన్లో గేటు దగ్గరి కెమెరా చూస్తున్నాడు. బొమ్మలో చిట్టియ్య నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, భుజం మీద తువ్వాలు.

“నేను లేనని చెప్పి పంపించెయ్.”

“ఉన్నారు కదండీ.”

“రాజమండ్రి వెళ్ళానని చెప్పు. ఆ చేను గొడవే. వింటే ఒక బాధ, వినకపోతే ఇంకో బాధ. నా పొలంలో నేను చెరువు తవ్వుకుంటుంటే వీళ్ళందరికీ జవాబు చెప్పాలా?”

హారతి గేటు దాకా వెళ్ళింది. అప్పుడే కడిగిన కారు పోర్టికోలో నీళ్ళోడుతూ నిలబడి ఉంది.

“అమ్మగారండి, సాయిగారున్నారాండి? బుధవారం చెరువు తవ్వే మిషను వస్తుందని అప్పాజీగారు చెప్పారండి. అది దిగేలోపు ఒక్క మాట మాట్లాడదామని వచ్చానండి.”

“లేరు చిట్టియ్య గారూ. పొద్దున్నే రాజమండ్రి వెళ్ళారు.”

చిట్టియ్య కారు వైపు చూశాడు. తరువాత ఆమె వైపు చూశాడు. చూసి, నవ్వాడు. ఆ నవ్వులో వెక్కిరింపు లేదు. అబద్ధం చెప్పాల్సి వచ్చినందుకు ఆమె ఎక్కడ సిగ్గుపడుతుందోనని, ఆమెని కాపాడడానికి నవ్వినట్టుంది.

“ఏం లేదండి. పర్లేదండి. మళ్ళీ వస్తానండి.”

సైకిల్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. హారతి లోపలికొచ్చి నవల తెరిచింది గానీ అక్షరం కదల్లేదు. తలనొప్పని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం. రామచంద్రపురంలో ఒక చిన్న సాహిత్య సభ జరిగింది. దూరవిద్యలో చదివేవాళ్ళని కూడా మాట్లాడమన్నారు. హారతి మైకు ముందు నిలబడటం అదే మొదటిసారి. మొదట కాగితంలోంచి తలెత్తకుండా చదివింది. సోమలింగం గుమ్మం దగ్గరికొచ్చేసరికి భయం పోయింది. ఆ పుస్తకం మీద ఆమెకున్న ప్రేమే ఆమె చేత మాట్లాడించింది.

“ఇనప్పెట్టెలూ నగలూ ఈ నవలలోనూ ఉన్నాయి. వాటిని ఎవరైనా రాస్తారు. కానీ ఒక మనిషి సంపాదన మొత్తాన్ని ఒక గుమ్మంలో పెట్టి చూపించడం ఈ రచయితకే సాధ్యమైంది. గుమ్మం పొట్టిగా ఉన్నప్పుడు ఆ ఇంటికి రోజూ పదిమంది వచ్చేవారు. పెరిగిన కొద్దీ వచ్చేవాళ్ళు తగ్గారు. ఏనుగు పట్టేంత అయ్యాక పిల్లి కూడా రాలేదు. చివరికి సోమలింగం చనిపోతే అంత ఎత్తు గుమ్మంలోంచి అతన్ని పడుకోబెట్టి తీసుకెళ్ళారు. ఈ ఒక్క వాక్యం కోసం ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోవచ్చు. గుమ్మం ఎత్తు పెంచుకునే ప్రతి మనిషీ లోపల కురచైపోతాడని చెప్పడమే ఇక్కడ ఉద్దేశం.”

హాలంతా చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి నమస్కారం పెట్టాడు. ఇంటికొచ్చే దారి పొడుగునా హారతి ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉంది.

సోమవారం మధ్యాహ్నం దుర్గాసాయి భోజనానికొచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడు గానీ అన్నం కలపలేదు. ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టి నొక్కాడు. హారతి గొంతే. ‘గుమ్మం ఎత్తు పెంచుకునే ప్రతి మనిషీ లోపల కురచైపోతాడని...’

“ఎవరు తీశారండీ ఇది?” అంది హారతి తెల్లబోయి.

“ఎవరు తీస్తే ఏంటి? అప్పాజీ పంపాడు. కొబ్బరి వర్తకుల గ్రూపులో తిరుగుతోందిది. కింద ఏం రాశారో చదువు. ‘సోమలింగం గారికి నమస్కారాలు’ అంట. మార్కెట్లోకి వెళ్తే ఒకడు ‘ఏం సోమలింగం గారూ, ఏనుగెప్పుడొస్తోంది’ అన్నాడు. అందరూ నవ్వారు.”

“నేను మీ పేరు ఎత్తలేదండి. మీరు మనసులో కూడా లేరు. నవల గురించి మాట్లాడాను.”

“పేరెత్తక్కర్లేదు. మన గుమ్మం ఎంతుందో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు.”

“ఒరేయ్, దాన్నెందుకురా అంటావు?” చిన్నమ్మాయి గోడ పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. “పుస్తకంలో ఉన్నది చెప్పిందది.”

“నువ్వూ తక్కువేం కాదమ్మా. మనింటి గుమ్మం చూసి రాశాడా అని నువ్వన్న మాట నాకు వినిపించలేదనుకున్నావా?” దుర్గాసాయి గొంతు పెద్దదైంది. “ఏసీ వేసుకుని కూర్చుని డబ్బు చెడ్డదని చదువుకుంటున్నారు అత్తాకోడళ్ళిద్దరూ! ఆ ఏసీ ఎక్కడిది? నీ కంటి ఆపరేషన్ ఎక్కడిది? హారతీ, నీ చదువుకి కట్టిన ఫీజు సోమలింగం కట్టలేదు. నేను కట్టాను.”

అతనన్న దాంట్లో అబద్ధం లేదు. చదువుతానని ఆమె అడిగిన రోజున ‘ఈ వయసులో ఎందుకు’ అన్నవాళ్ళందరి నోరు మూయించి, స్వయంగా వెళ్ళి పుస్తకాలు కొనుక్కొచ్చినవాడు దుర్గాసాయే. ఆ సంగతి ఆమె ఏ రోజూ మరిచిపోలేదు.

“డబ్బు చెడ్డదని నేననలేదండి,” అంది నెమ్మదిగా. “పుస్తకం కూడా అనలేదు. సోమలింగం చెడ్డవాడు కాదు.”

“మరెందుకు పెంచాడు గుమ్మం? గొప్ప కోసమేగా? అదేగా నువ్వు చెప్పింది?”

“అవునండి. అందరూ అలాగే రాశారు.”

“అందరూ తప్పు రాశారు.”

ఆ మాట అతను అరవకుండా అన్నాడు. అందుకే అత్తాకోడళ్ళిద్దరూ తలెత్తి చూశారు.

“గోడవతల కూర్చుని నేనూ విన్నాను. మొదటి రోజు నుంచీ వింటున్నాను. ఒకోరోజు దాని కోసమే ఆలస్యంగా బయల్దేరాను. సోమలింగం గుమ్మం ఎందుకు పెంచాడో నీకు తెలీదు హారతీ. మీ మాస్టార్లకీ తెలీదు.” అతను కంచం పక్కకి జరిపాడు. “నేను మూడో తరగతిలో ఉండగా నాన్న నన్ను వెంటబెట్టుకుని ఆసామి గారింటికి వెళ్ళాడు. ఆ ఏడు కౌలు ఇంకెవరికో ఇస్తారని తెలిసి, బతిమాలుకోవడానికి. పిల్లాణ్ణి చూస్తే జాలి పడతారని నన్ను తీసుకెళ్ళాడు. వీధి వైపు నుంచి రానివ్వరు కదా, పెరటి వైపు వెళ్ళాం. లోపల ఆయన భోంచేస్తున్నాడు. ఉండమన్నారు. ఎండలో ఉన్నాం. నాకు దాహం. నీళ్ళడగొద్దన్నాడు నాన్న. పిలిచారు. నాన్న కండువా నడుముకి చుట్టుకుని, ఆ కంగారులో సరిగ్గా వంగకుండా లోపలికెళ్ళబోయాడు. పొట్టి గుమ్మం. నుదుటికి తగిలి చిట్లి నెత్తురు కారింది.”

చిన్నమ్మాయి చేయి నోటి మీదికి వెళ్ళింది.

“ఆసామి గారు అన్నం ముద్ద పట్టుకునే ‘ఏమయిందిరా’ అన్నారు. నాన్న నవ్వాడు. నెత్తురు కంట్లోకి దిగుతుంటే నవ్వి, ‘ఏం లేదండి, పర్లేదండి’ అన్నాడు. దెబ్బ తగిలినవాడు నవ్వడమేంటని అప్పుడు నాకర్థం కాలేదు. పెద్దయ్యాక అర్థమైంది. ఆయన భోజనం చెడకూడదని నవ్వాడు. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ వదల్లేదు. లారీకి కాయలెత్తేటప్పుడు అనుకున్నాను. నేనొక ఇల్లు కడతాను, దానికొక గుమ్మం పెడతాను, ఎంత పొడుగు మనిషైనా ఎంత కంగారులో వచ్చినా తల వంచకుండా లోపలికి రావాలి అని. అందుకు పెట్టించాను. ఏనుగు కోసం కాదు.”

“తలుపు తగిలిందన్నారురా మీ నాన్న నాతో,” చిన్నమ్మాయి ఏడుస్తోంది. “పసుపు అద్దాను. నువ్వు పక్కనే ఉన్నావని నాకు తెలీదు నాయనా. నువ్వు చూశావని నాకు తెలీదు.”

చిన్నమ్మాయి కొంగుతో ముక్కు తుడుచుకుని, కోడలి వైపు తిరిగింది.

“అమ్మా, ఆ పడవవాడి సంగతి ఏదో ఉంది కదా మొదట్లో? కొడుకుని చేయి పట్టుకుని తీసుకెళ్తాడు. నువ్వు గబగబా చదివేశావు.”

హారతి లోపలికెళ్ళి పుస్తకం తెచ్చింది. రెండో ప్రకరణం. వర్ణన అనుకుని ప్రతిసారీ దాటేసిన పేజీ. అక్కడొక వాక్యం ఉంది. పైకి చదువుతుంటే ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

“‘దివాణపు పెరటి గుమ్మం దాటేటప్పుడు నూకయ్య వంగేవాడు, అతడి చేయి పట్టుకుని ఉండేవాడు గనుక పిల్లవాడూ వంగేవాడు, వాడికి ఆ అవసరం లేకపోయినా.’”

ఎన్నిసార్లు చదివింది ఈ పుస్తకాన్ని! ఎన్ని విమర్శలు తిరగేసింది! వందేళ్ళ కిందట ఆ రచయిత కారణం చెప్పి, ఎవరి కంటా పడకుండా మూడు ముక్కల్లో దాచి, ముందుకి వెళ్ళిపోయాడు. వంగాల్సిన అవసరం లేని పిల్లవాడు వంగాడు. వాడే పెద్దై గుమ్మాలు పెంచుకుంటూ పోయాడు. అది ఆశ కాదు. తండ్రి మీద ప్రేమ. ఆ ప్రేమ ఎక్కడో దారి తప్పింది. హారతికి ఆ రచయిత మీద గౌరవం రెట్టింపైంది. ఎదురుగా అన్నం కలపకుండా కూర్చున్న మనిషి మీద కూడా. ఇన్నేళ్ళు పక్కనే ఉండి తను చదవని పేజీ ఇంట్లోనే ఉంది.

“నా వ్యాసం తప్పండి,” అంది. “సభలో చెప్పిందీ తప్పే. మళ్ళీ రాస్తాను.”

దుర్గాసాయి ముఖం కొంచెం తేరుకుంది. అన్నంలోకి చెయ్యి పెట్టబోయాడు. హారతి అప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననుకుంది.

“ఏమండీ, శనివారం పొద్దున్న నేను గేటు దగ్గరికెళ్ళాను కదా. మీరు రాజమండ్రి వెళ్ళారని చెప్పాను. కారు ఎదురుగానే ఉంది. చిట్టియ్య గారు దాన్ని చూశారు.”

“అయితే?”

“నవ్వారండి.” ఆమె పుస్తకం మూసింది. “‘ఏం లేదండి, పర్లేదండి’ అన్నారు. నేను సిగ్గుపడకూడదని నవ్వారు. ఆ అబద్ధం చెప్పింది నేనే. ఇప్పుడు మీరు మావయ్య గారి సంగతి చెప్తుంటే నాకు ఆ మొహమే కనిపించింది.”

దుర్గాసాయి చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. కోపం వస్తుందేమోనని హారతి భయపడింది. కోపం రాలేదు. లేచి చెయ్యి కడుక్కుని, పెరట్లో కొబ్బరిచెట్ల కిందికి వెళ్ళి కూర్చున్నాడు. ఫోన్ రెండుసార్లు మోగింది. తియ్యలేదు.

ఎండ వాలాక హారతి మంచినీళ్ళు తీసుకెళ్ళి పక్కన కూర్చుంది. అతను తాగి, గ్లాసు చేతిలోనే తిప్పుతూ అడిగాడు.

“చివరికి ఎవరూ రారా ఆ ఇంటికి?”

“రారండి.”

“ఒక్కడు కూడానా?”

“ఆఖర్న సోమలింగం అరుగు మీద కూర్చుని దారినపోయే ప్రతివాళ్ళనీ పిలుస్తాడు. రండి, లోపలికి రండి అంటాడు. ఎవరూ ఆగరు. నాకొకటే బాధండి. అంతసేపు పిలుస్తాడు గానీ, తను ఆ అరుగు దిగి ఒక్కరింటికైనా వెళ్ళడు. ఆ ఆలోచనే రాదు అతనికి.”

దుర్గాసాయి గ్లాసు కింద పెట్టాడు.

“చిట్టియ్యా నేనూ ఒకే బెంచీ,” అన్నాడు. “వాడి దగ్గర లెక్కలు చూసి రాసేవాణ్ణి. నన్ను సాయీ అనేవాడు. నేను కారు కొన్నాక సాయిగారండీ అనడం మొదలెట్టాడు. బాగుందనిపించింది హారతీ. నిజంగా బాగుందనిపించింది.”

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి తీశాడు. అవతల అప్పాజీ గొంతు హారతికి కూడా వినిపిస్తూనే ఉంది. మిషను రేపు సాయంత్రమే దింపిద్దామా అంటున్నాడు.

“వద్దు బావా. దాన్ని రానివ్వొద్దు. నా చేలో చెరువు వెయ్యట్లేదు.”

“ఏంటి మాట్లాడుతున్నావ్? మీ ఆవిడ ఉపన్యాసం విని చెరువు మానేస్తావా?”

“ఉపన్యాసం వల్ల కాదు. మా నాన్న వల్ల.”

“మీ నాన్న పోయి పదేళ్ళయింది కదయ్యా!”

“అవును బావా. ఇప్పుడే గుర్తొచ్చాడు.”

అప్పాజీ ఇంకా ఏవేవో అన్నాడు. నష్టమన్నాడు, పిచ్చన్నాడు, నలుగురూ నవ్వుతారన్నాడు. దుర్గాసాయి అన్నీ విని, “సరే బావా, నీకయిన ఖర్చు నేను పెట్టుకుంటాను” అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్న అతను చెప్పులేసుకుంటుంటే హారతి కూడా చీర మార్చుకుని వచ్చింది. చిన్నమ్మాయి అప్పటికే నల్లకళ్ళద్దాలతో కారులో కూర్చుని ఉంది.

“నువ్వెక్కడికమ్మా? కళ్ళకి దుమ్ము తగలకూడదు.”

“అద్దాలున్నాయిగా. చిట్టియ్య వాళ్ళ సువార్తమ్మని చూసి ఎన్నాళ్ళయిందో. పోనియ్ కారు.”

చిట్టియ్య ఇల్లు కాలువ అవతల పేటలో ఉంది. కారాగేసరికి చిట్టియ్య వాకిట్లో సైకిల్ చైనుకి నూనె వేస్తున్నాడు. ముగ్గురూ దిగడం చూసి కంగారుగా లేచాడు. నూనె చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక తువ్వాలు వెతుక్కున్నాడు. అతని భార్య సువార్తమ్మ లోపలి నుంచి కుర్చీలు తెచ్చి, ఉన్నవి చాలవని పక్కింటికి పరిగెత్తబోయింది.

“వద్దండి. ఈ మంచం చాలు,” అని దుర్గాసాయి వాకిట్లోని నులకమంచం మీద కూర్చున్నాడు. హారతి అత్తగారిని చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

“నేను శనివారం ఇంట్లోనే ఉన్నాను చిట్టియ్యా.”

“తెలుసండి. పర్లేదండి.”

“పర్లేదనకు.” దుర్గాసాయి గొంతు ఒక్కసారిగా కరుకైంది. వెంటనే తగ్గింది. “దయచేసి ఆ మాట అనకు. మిషను రావట్లేదు. చెరువు వెయ్యట్లేదు. ఈ ఏడు కూడా వరే వేస్తాను. నీ చేనుకేం భయం లేదు. ఆ మాట చెప్పడానికొచ్చాను.”

చిట్టియ్య నమ్మలేదు. ముందు దుర్గాసాయి మొహంలోకీ, తరువాత హారతి మొహంలోకీ చూశాడు. ఆమె తలూపాక, ఉన్నచోటే గొంతుక్కూర్చుండిపోయాడు. చైను చేతిలోనే ఉంది. సువార్తమ్మ ద్వారం పట్టుకుని ఏడ్చేసింది. చిన్నమ్మాయి లేచి తడుముకుంటూ వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“మొన్నాదివారం చర్చిలో మీ పేరు చెప్పి ప్రార్థన చేశామండి,” అంది సువార్తమ్మ కాస్త తేరుకున్నాక.

దుర్గాసాయి తల దించుకున్నాడు. “నా మనసు మార్చమనా?”

“కాదండి. అది మన చేతిలో లేదు, చెరువు ఎలాగూ తవ్వేస్తారు అనుకున్నామండి. పొలం పోయినా సరే, మీ మీద మాకు కోపం రాకుండా చూడు తండ్రీ అని అడిగామండి. ఈయన మీతో చదువుకున్నోడు కదండి. మీ మీద కోపం పెట్టుకుని ఈయన బతకలేడండి.”

కాలువ గట్టు మీద ఏదో ట్రాక్టరు వెళ్ళింది. దాని చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా దుర్గాసాయి కదల్లేదు. హారతి అతన్ని ఇన్నేళ్ళ కాపురంలో అలా ఎప్పుడూ చూడలేదు. ఏ బేరంలోనూ తగ్గని మనిషి, ఎవరెన్నన్నా జవాబు తడుముకోని మనిషి, ఒక్క మాట కోసం వెతుక్కుంటున్నాడు.

“ఏం వండారు సువార్తమ్మ గారూ?” అన్నాడు చివరికి.

ఆమె కంగారుపడింది. “ఇంకా ఏం వండలేదండి. టీ పెడతానండి. చద్దన్నం ఉందండి, నిన్నటి చేపల పులుసు ఉందండి, అవి మీకెలాగ...”

“చేపల పులుసు నిన్నటిదైతేనే రుచి,” అంది చిన్నమ్మాయి. “మా అందరికీ పెట్టమ్మా.”

చిట్టియ్య చేతులు కడుక్కుని తనే కంచాలు తెచ్చాడు. దుర్గాసాయి మంచం దిగి చాప మీద కూర్చున్నాడు. హారతి అతని పక్కన కూర్చుంది. మొదటి ముద్ద తిన్నాడు. రెండో ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. తల బాగా వంచుకున్నాడు గానీ, కన్నీళ్ళు కంచంలో పడుతున్నాయని అందరికీ తెలుస్తూనే ఉంది.

చిట్టియ్య చూశాడు. గిన్నె దగ్గరికి జరుపుకుని, ఇంకో చేపముక్క తీసి అతని కంచంలో వేశాడు.